ఈసీజీ నార్మల్ అన్నాక అడగాల్సిన మాట

గుండె దడగా ఉందంటే మా నెల్లూరు వైపు ముందు గ్యాస్ అంటారు, బిళ్ల మింగినా తగ్గకపోతే టౌనుకు తీసుకెళ్లి ఈసీజీ తీయిస్తారు, అది నార్మల్ వస్తే "ఏం లేదులే, టెన్షన్ పడబాక" అని ఇంటికి తెచ్చేస్తారు. ముత్తుకూరు దగ్గర రొయ్యల గుంటలు చేసే మా బాబాయి విషయంలోనూ అంతే. వరసగా రెండు పంటలు వైట్‌స్పాట్ అనే రొయ్యల తెగులుతో పోయాయి, ఫీడు షాపులో బాకీ పెరిగింది. తెల్లవారుజామున లేచి గట్టు మీద కూర్చుని, రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని నాడి చూసుకునేవాడు. ఆసుపత్రిలో కాగితం చూసి పంపించేశారు. నిద్ర పడుతోందా అని కూడా అడగలేదు. నాకు ఇప్పటికీ కోపమే.

ఎందుకంటే ఆ దడ వట్టి భ్రమ కాదు. మెదడు నుంచి గుండెకు వేగస్ అనే నరం ఉంది. అది గుండె వేగాన్ని తగ్గిస్తుందని, ఆ పని ఒక రసాయనం ద్వారా జరుగుతుందని ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త 1921లో కప్ప గుండెలతో చూపించాడు. ఊపిరి పీల్చినప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలినప్పుడు నెమ్మదిగా కొట్టుకోవడంలో ఈ నరానిదే పెద్ద పాత్ర. డిప్రెషన్ ఉన్నవాళ్లలో ఆ హెచ్చుతగ్గులు సగటున తక్కువని చాలా అధ్యయనాల్లో తేలింది, ఆత్మహత్య ఆలోచనలున్న వాళ్ల మీదా ఇలాంటి పరిశోధనలు జరుగుతున్నాయి. మామూలు ఈసీజీ కొన్ని సెకన్లదే, అందులో ఇది కనపడదు. అలాగని చేతికి స్మార్ట్‌వాచ్ కట్టి మనసు సంగతి తేల్చేయలేం, వయసు, నిద్ర, తాగుడు, బీపీ బిళ్లలు అన్నీ ఆ హెచ్చుతగ్గుల అంకెను మార్చేస్తాయి.

గుండెకూ మనసుకూ ఉన్న ఈ లంకె రెండో వైపు నుంచీ ఉంది. గుండెపోటు వచ్చాక డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు ఆరు నెలల్లో చనిపోయే ముప్పు ఎక్కువని మాంట్రియల్ పరిశోధకులు 1993లోనే చెప్పారు. 2008లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ గుండె రోగులందరినీ డిప్రెషన్ గురించి అడగమంది.

మా ఇంట్లో అడిగింది పిన్ని. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగానే అడిగింది. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనవాళ్ల భయం, అది నిజం కాదు. బాబాయి చాలాసేపటికి అవునన్నాడు. ఆ రాత్రంతా పక్కనే ఉండి, పొద్దున్నే సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లాం. బాకీ ఇంకా ఉంది, మందులు వాడుతున్నాడు, నిద్ర పడుతోంది.

మీ ఇంట్లో ఎవరైనా అవునంటే ఒంటరిగా వదలొద్దు. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రయినా పగలైనా, డబ్బులేం అక్కర్లేదు.