జయనగర్ రైల్లో సీతమ్మ పుట్టింటికి

సికింద్రాబాద్‌లో ఎక్కి బీహార్‌లోని దర్భంగాలో దిగేసరికి దాదాపు రెండు వేల కిలోమీటర్లు. అక్కడి నుంచి మధుబని మీదుగా జయనగర్ ఇంకో డెబ్బై లోపే. జయనగర్‌లో నేపాల్ రైలెక్కితే సీతమ్మ పుట్టిల్లు జనక్‌పూర్ సుమారు 29 కిలోమీటర్లు. అంత దూరం వచ్చిన మనవాళ్ళు చిక్కుల్లో పడేది ఈ ఆఖరి ముక్క దగ్గరే. చిక్కుల్లో పడేసేది చాలాసార్లు ఆధార్ కార్డు.

దేశమంతా ఆధార్‌తో తిరిగిన అలవాటు కదా, ఇక్కడా అదే చాలనుకుంటాం. నేపాల్ వెళ్ళడానికి 15 నుంచి 65 ఏళ్ళ మధ్య వాళ్ళకు ఆధార్ చెల్లదు. పాస్‌పోర్టుగానీ, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డుగానీ ఉండాలి. ప్రభుత్వోద్యోగులైతే ఆఫీసు ఫొటో గుర్తింపు కార్డు కూడా ఈ రైలుకు పనికొస్తుంది. 65 దాటినవాళ్ళకూ, 15 లోపు పిల్లలకూ వయసు, ఫొటో తెలిపే ఏ కార్డయినా సరే, వాళ్ళకు ఆధార్ నడుస్తుంది. కుటుంబంగా వెళ్తే ఒక వెసులుబాటు ఉంది: పెద్దవాళ్ళలో ఒకరి దగ్గర సరైన కార్డుంటే, మిగతావాళ్ళు ఆ కుటుంబంవాళ్ళేనని చూపే ఫొటో ఉన్న కాగితంతో, అంటే రేషన్ కార్డు, బడి గుర్తింపు కార్డు వంటివాటితో రావచ్చు. దీని మీద భారం వేసి బయల్దేరకండి. తనిఖీ దగ్గర జనం తోసుకొస్తుంటే బంధుత్వాలు విప్పి చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. ఈ యాత్రకు మాతో వచ్చే ప్రతి ఒక్కరి ఓటరు కార్డూ టికెట్లు తీయకముందే చూస్తాం. ఫోన్లో ఉన్న ఫొటో కాదు, అసలు కార్డు.

అమెరికా నుంచి వచ్చిన పిల్లల్ని వెంటబెట్టుకొద్దామనుకునేవాళ్ళు ఇంకో సంగతి గమనించాలి. ఈ రైలు భారత, నేపాల్ పౌరులకే. ఓసీఐ కార్డు, అంటే విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు, ఉన్నా చేతిలో ఉన్నది వేరే దేశం పాస్‌పోర్టయితే ఎక్కనివ్వరు. వాళ్ళు నేపాల్ వీసా తీసుకుని, కాఠ్మాండూ మీదుగానో మరో దారిలోనో జనక్‌పూర్ చేరి మనల్ని కలుసుకోవాల్సిందే.

జయనగర్‌లో దిగగానే బయటి రోడ్డు పట్టకండి. నేపాల్ రైలు స్టేషన్ మన స్టేషన్ పక్కనే ఉంది, పాదచారుల వంతెన ఎక్కి దిగితే చాలు. టికెట్ మన ఐఆర్‌సీటీసీలో దొరకదు, అక్కడి కౌంటర్లోనే కొనాలి. 2022లో రైలు మొదలైనప్పుడు జనక్‌పూర్‌కు మామూలు టికెట్ 70 నేపాలీ రూపాయలు, అంటే మన 43 రూపాయల 75 పైసలు. ఏసీ దానికి ఐదింతలు. రోజుకు తిరిగేవి కొన్ని ట్రిప్పులే, వేళలూ మారుతుంటాయి. ముందురోజు రాత్రికే జయనగర్ చేరి, బోర్డు చూసుకుని, పొద్దున బండికి వెళ్ళడం మేలు. బండి వేళకు గంటన్నర ముందు వరుసలో ఉండండి. టికెట్, కార్డు, సంచుల తనిఖీ అన్నీ ఎక్కకముందే. సరిహద్దు దాటాక మొదటి స్టేషన్ ఇనర్వాలో నేపాల్ భన్సార్ వాళ్ళు, అంటే కస్టమ్స్ వాళ్ళు, మళ్ళీ సంచులు చూస్తారు. కొత్త బట్టల కట్టలు, సీలు తీయని ఎలక్ట్రానిక్ సామాను ఉంటే అక్కడ ప్రశ్నలు తప్పవు.

ఇనర్వా తర్వాత ఖజూరీ, మహినాథ్‌పూర్, వైదేహి, పర్వాహా, ఆపైన జనక్‌పూర్. స్టేషన్ పేరు వైదేహి అని కనపడగానే మన పెద్దవాళ్ళ చేతులు వాటంతటవే జోడించుకుంటాయి. బండి చెన్నైలోని రైలు పెట్టెల కర్మాగారం ఐసీఎఫ్‌లో తయారైన డెము, అంటే డీజిల్‌తో నడిచే లోకల్ బండి, ఐదు పెట్టెలు. 1937లో బ్రిటిష్ వాళ్ళు ఇక్కడ వేసిన రెండున్నర అడుగుల చిన్న పట్టాల మీద 2014 దాకా పాత బండి తిరిగింది. దాన్ని తీసేసి బ్రాడ్‌గేజ్ వేశారు. జయనగర్ నుంచి జనక్‌పూర్ దాటాక వచ్చే కుర్థా దాకా 35 కిలోమీటర్ల కొత్త లైను 2022 ఏప్రిల్ 2న ప్రారంభమైంది, మరుసటి ఏడాది బిజల్‌పురా దాకా పొడిగించారు. అదే 2022 జూన్‌లో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ నుంచి బయల్దేరిన భారత్ గౌరవ్ రామాయణ యాత్రా రైలు కూడా ఈ పట్టాల మీదుగానే జనక్‌పూర్ వచ్చింది. ఆ బండి యాత్రలో చివరి క్షేత్రం మన భద్రాచలం.

సరిహద్దు దాటగానే గడియారం పావుగంట ముందుకు జరుగుతుంది. చిన్న విషయమే, తిరుగు బండి తప్పించేది మాత్రం ఇదే. సరిహద్దు దగ్గర ఫోన్ ఒక నిమిషం మన టవర్‌నీ, మరో నిమిషం నేపాల్ టవర్‌నీ పట్టుకుంటూ టైమును అటూ ఇటూ దూకిస్తుంది. జనక్‌పూర్ స్టేషన్లో వేళ అడిగితే చెప్పేది నేపాల్ టైమే. ఫోన్లో ఆటోమేటిక్ టైము ఆపేసి చేత్తో నేపాల్ టైము పెట్టుకోండి, లేదా చేతికో వాచీ కట్టుకోండి.

డబ్బు సంగతి. ఎవరైనా ధర చెప్పగానే మీరు అడగాల్సింది ఒక్కటే: ‘ఐసీయా, ఎన్‌సీయా?’ ఐసీ మన రూపాయి, ఎన్‌సీ వాళ్ళది. మన 100కు వాళ్ళ 160. అడగకుండా ఇస్తే ఎన్‌సీలో చెప్పిన ధరకు ఐసీ ఇచ్చేసి ఒకటికి ఒకటిన్నర పైన చెల్లిస్తాం. 2018 డిసెంబరులో నేపాల్ 100కు మించిన భారత నోట్లు నిషేధించినప్పటి నుంచీ అక్కడి చిన్న దుకాణాలకు వంద నోటే నమ్మకం. తలకు ఓ ముప్పై వంద నోట్లు దర్భంగాలోనే మార్చి పెట్టుకుంటే రెండు రోజులకు సరిపోతాయి. 2024 నుంచి నేపాల్లో అక్కడి ఫోన్‌పే (Fonepay, మన PhonePe కాదు) క్యూఆర్‌కు యూపీఐతో చెల్లించే వీలొచ్చిందిగానీ, యాప్‌లో అంతర్జాతీయ చెల్లింపులు ముందే ఆన్ చేసుకోవాలి, ఫోన్‌కు నెట్ కూడా అందాలి.

స్టేషన్ నుంచి జానకీ మందిరానికి ఈ-రిక్షాలున్నాయి, సామాను లేకపోతే నడిచిపోవచ్చు. ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని ఓర్ఛా టికమ్‌గఢ్ రాణి వృషభాను 1910 ప్రాంతంలో కట్టించిన గుడి ఇది. తొమ్మిది లక్షలు ఖర్చయిందని నౌలఖా మందిర్ అంటారు. గోపురం కోసం వెతికితే కనపడదు. తెల్లటి గోడలు, గుమ్మటాలు, జాలీ కిటికీలతో రాజస్థాన్ కోటలా ఉంటుంది. ఆవరణలోనే వివాహ మండపం. దాని నాలుగు మూలలా నాలుగు చిన్న మండపాలు, నలుగురు అన్నదమ్ములకు నాలుగు జంటలు. ఊర్మిళ పక్కన లక్ష్మణుడు ఎక్కడున్నాడో వెతుక్కుంటూ మనవాళ్ళు నాలుగు మూలలూ తిరుగుతారు.

మనకు సీతారామ కల్యాణమంటే చైత్రంలో శ్రీరామనవమి. వీళ్ళకు మార్గశిర శుద్ధ పంచమి, వివాహ పంచమి. ఆడపెళ్ళివారి ఊరు కాబట్టి హడావుడంతా ఆడపెళ్ళివారిదే: తిలకం, రంగభూమి మైదానంలో స్వయంవరం, ఆపైన రామమందిరం నుంచి జానకీ మందిరానికి పెళ్ళి ఊరేగింపు. జీలకర్ర బెల్లం, తలంబ్రాల కోసం చూడకండి, మిథిలలో ముఖ్యఘట్టం సిందూరదానం. ఒక మాట మాత్రం మనసులో ఉండిపోతుంది. ఈ తిథిన మిథిలలో చాలామంది తమ ఆడపిల్లలకు పెళ్ళి చేయరు, సీత పడ్డ కష్టాలు తమ బిడ్డకు రాకూడదని. ఆ రోజులకు గదులు దొరకవు, పొగమంచు కాలం మొదలై ఉత్తర బీహార్ రైళ్ళు గంటల తరబడి ఆలస్యమవుతాయి. తిరుగు రిజర్వేషన్‌కు కనీసం ఒక పూర్తి రోజు ఎడం పెట్టుకోండి. వానాకాలంలో కమలా నది పొంగుతుంది, అప్పుడు వెళ్ళకపోవడమే మంచిది.

భోజనం పప్పు, అన్నం, కూర. అంతా ఆవనూనె వాసన. మిథిలలో చేప లేని పూట తక్కువ కాబట్టి, గుడి చుట్టుపక్కల వైష్ణవ భోజనాలయం బోర్డు చూసి కూర్చోవాలి. పెద్దవాళ్ళకు పడకపోతే మఖానా పాయసం, పెరుగు అటుకులు ఉన్నాయి.

తిరుగు ప్రయాణంలోనూ తనిఖీలన్నీ మళ్ళీ ఉంటాయి, కార్డు పైజేబులోనే ఉంచండి. మిగిలిన నేపాలీ నోట్లు జయనగర్ బజారులోనే ఖర్చు పెట్టేయండి. అక్కడి కొట్లలో తీసుకుంటారు, దర్భంగా దాటితే ఎవరూ ముట్టుకోరు.