రంగంలో మనం సగం

కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపులో మా మేనత్త ఇల్లుంది. సెలవుకు విశాఖ వచ్చినప్పుడల్లా రెండు రోజులు అక్కడ గడపకుండా తిరుగు విమానం ఎక్కను. ఈసారి ఆమె చేటలో బియ్యం ఏరుతూ అడిగింది: "మీ ఊళ్లో మనవాళ్లు చాలా మంది ఉన్నారటగా. ఎంతమంది ఉంటారు?"

ఉత్సాహంగా చెప్పాను. టెక్సాస్‌లో డాలస్ నగరానికి ఉత్తరాన ఉన్న ఫ్రిస్కో నేనుండే ఊరు. ఒక రైలు కంపెనీ పేరే ఊరి పేరైంది. 2000 జనాభా లెక్కల్లో అక్కడ ఉన్నది 33 వేల పైచిలుకు మనుషులు. 2010కి లక్షా పదిహేడు వేలయ్యారు, 2020కి రెండు లక్షలు దాటారు. ఆ చివరి పదేళ్లలోనే ఆసియా మూలాలవాళ్లు పదిమందిలో ఒకరి నుంచి నలుగురిలో ఒకరికి పెరిగారు. అందులో భారతీయులే ఎక్కువ. శనివారం హనుమంతుడి గుడికి వెళ్తే చెప్పులు విడిచే చోటే తెలుగు మాటలు వినిపిస్తాయి. "ఇంకొన్నేళ్లకు సగం మంది మనమే అయినా ఆశ్చర్యం లేదు అత్తయ్యా" అన్నాను.

ఆమె చేతిలో చేట ఆగిపోయింది.

"సగం కావద్దు తల్లీ. రంగంలో మనం సగం ఉన్నాం" అంది.

రంగం అంటే రంగూన్. ఉత్తరాంధ్ర పల్లెల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ పేరే వాడతారు. మా తాతయ్య 1929లో, పదిహేనేళ్ల వయసులో, కూలీలను కుదిర్చి పంపే మేస్త్రీ దగ్గర తీసుకున్న అప్పుతో అక్కడికి ఓడ ఎక్కాడు. రేవులో బియ్యం బస్తాలు మోయడం, రిక్షాలు లాగడం, మిల్లుల్లో చాకిరీ, వీధులు ఊడ్చడం, ఇవన్నీ తెలుగువాళ్ల పనులు. కోరంగి రేవు పేరు మీదుగా అక్కడ మనవాళ్లందరినీ కోరంగీలు అనేవారు. 1931 లెక్కల ప్రకారం రంగూన్ జనాభా సుమారు నాలుగు లక్షలైతే, అందులో సగానికి పైగా భారతీయులే. తమ దేశపు రాజధానిలో బర్మావాళ్లు మూడో వంతు కూడా నిండలేదు.

తాతయ్య వెళ్లిన మరుసటి ఏడాది, 1930 మే నెలలో, కూలి పెంచమని తెలుగు రేవు కూలీలు సమ్మె కట్టారు. గుత్తేదారులు వాళ్ల స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె తీరి మనవాళ్లు తిరిగి పనిలోకి రాగానే ఆ బర్మావాళ్లను ఇక పొమ్మన్నారు. రేవులో రాజుకున్న గొడవ ఊరంతా పాకింది. వందమందికి పైగా చనిపోయారు, అందులో ఎక్కువమంది భారతీయులు. తాతయ్య రెండు రాత్రులు బియ్యం గోదాములో బస్తాల వెనుక దాక్కున్నాడట. ఈ కథ చెప్పిన ప్రతిసారీ అత్తయ్య ఒక మాట కలుపుతుంది: "వాళ్లూ ఆకలితోనే వచ్చారని నాన్న అనేవాడు. గోదాములో దాక్కున్నప్పుడు కాదు, ఆ మాట ముసలితనంలో అన్నాడు."

ఆ కోపానికి మరో కారణం కూడా ఉంది. 1930 తరువాత ధాన్యం ధర పడిపోయి, అప్పులు తీర్చలేని బర్మా రైతుల భూములు తమిళ వడ్డీ వ్యాపారులైన చెట్టియార్ల చేతుల్లోకి వెళ్లాయి. పదేళ్లు తిరగకుండానే ఐరావతి డెల్టాలో దాదాపు పావు వంతు సాగుభూమి వాళ్లదైంది. మా తాతయ్యకు అందులో సెంటు భూమి లేదు. కానీ జనాభా లెక్కల పుస్తకంలో చెట్టియారూ, మా తాతయ్యా ఒకే వరుసలో ఉన్నారు. ఆ వరుస పేరు 'భారతీయులు'. ఊరి జనం కూడా అలాగే చూశారు.

1941 డిసెంబరులో బాంబులు పడ్డాక తాతయ్య అరకాన్ కొండల మీదుగా నడిచి వచ్చాడు. యుద్ధం ముగిశాక మళ్లీ వెళ్లాడు. అత్తయ్య, మా నాన్న పుట్టింది అక్కడే. 1964లో దుకాణాలన్నీ సర్కారు పరం చేసి పెద్ద నోట్లు చెల్లవన్న తరువాత, ముప్పై అయిదేళ్ల కష్టార్జితాన్ని ఒక ట్రంకు పెట్టెలో సర్దుకుని విశాఖ రేవులో దిగారు. అప్పుడు అత్తయ్యకు పద్నాలుగేళ్లు. ఇక్కడి పిల్లలు ఆమెను 'బర్మాపిల్ల' అని పిలిచేవారట.

నేను నర్సును. ఫ్రిస్కోలో ఉంటూ దగ్గరి ఆసుపత్రిలో పన్నెండు గంటల చొప్పున డ్యూటీలు చేస్తాను. కొత్త రోగి చేరగానే పేరు, పుట్టిన తేదీ, మందులు పడని వివరాలతో పాటు రేస్ ఏమిటో కూడా అడిగి రాయాలి. ఏ వర్గానికి వైద్యం తక్కువ అందుతోందో తెలుసుకోవడానికే ఆ ప్రశ్న. ఆ ఉద్దేశం సరైనదే, నేను దాన్ని సమర్థిస్తాను. చిక్కు ఆ కాగితంలోని గడుల దగ్గర వస్తుంది. కొడుకు ఇంటికి వచ్చి గుండెనొప్పితో చేరిన ఒక తెలుగు పెద్దాయనకు ఆ ప్రశ్నను తెలుగులో చెప్పాల్సి వచ్చింది. జాతి అన్న మాట తప్ప నాకు మరొకటి తట్టలేదు. "మీ జాతి ఏమిటి బాబాయిగారూ?" అన్నాను. ఆయన నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, చాలా మెల్లగా తన కులం పేరు చెప్పాడు. తరువాత, "ఇక్కడ కూడా అడుగుతారా అమ్మా?" అన్నాడు.

ఆ గొంతు నేను మరచిపోలేను. ఇక్కడ అడిగేది అది కాదని, ఖండాన్ని బట్టి గడులుంటాయని, మనది 'ఆసియన్' అని వివరంగా చెప్పాను. ఆయన తల ఊపాడు గానీ నమ్మినట్టు కనిపించలేదు.

ఆ గడుల చరిత్ర తెలుసుకున్నాక నాకు కూడా నమ్మకం సడలింది. 1920 నుంచి 1940 దాకా అమెరికా జనాభా లెక్కల్లో మనదేశం వాళ్ల జాతి 'హిందూ'. పంజాబ్ నుంచి వెళ్లిన సిక్కులనూ అందులోనే రాశారు. 1923లో అక్కడి సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు తెల్లవారు కారని, పౌరసత్వానికి అర్హులు కారని తేల్చింది. 1970 లెక్కల్లో అదే మనుషులను తెల్లవారిలో కలిపేశారు. భారతీయ సంఘాలు పట్టుబట్టి అడిగాక, 1980లో 'ఏషియన్ ఇండియన్' అనే విడి గడి వచ్చింది. 2024లో నిబంధనలు మళ్లీ మార్చి, పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా మూలాలవాళ్లకు ప్రత్యేక గడి పెట్టాలని నిర్ణయించారు. చర్మం అదే, ఊరు అదే, గడి మాత్రం మారుతూ వచ్చింది.

ఇదంతా అత్తయ్యకు చెబుతూ ఉండగా పక్కింటాయన వచ్చి గడపలో కూర్చున్నాడు. ఆయన తండ్రి కూడా 1964 ఓడల్లో వచ్చినవాడే. మాటల మధ్యలో, "మన విశాఖ మాత్రం ఏమైంది? ఎటు చూసినా ఒరియావాళ్లు, బీహారువాళ్లు. బయటవాళ్లు ఎక్కువైపోయారు" అన్నాడు. బర్మా క్యాంపు గడపలో కూర్చుని ఆ మాట అన్నాడు. నాకు బాధ కలిగింది. అత్తయ్య మాత్రం మెత్తగా, "మనం ఎప్పుడు లోపలివాళ్లమయ్యాం నాయనా? తేదీ గుర్తుందా నీకు?" అని అడిగింది.

నేను ఆ రాత్రంతా దాని గురించే ఆలోచించాను. 1951లో విశాఖ జనాభా లక్ష పైచిలుకు. 2011లో పదిహేడు లక్షలు దాటింది. గాజువాకనూ చుట్టుపక్కల ఊళ్లనూ నగరంలో కలిపిన మాట నిజమే, కానీ ఈ ఊరిని పెంచింది పని. 1933లో రేవు తెరుచుకుంది, 1941లో ఓడల కర్మాగారానికి పునాది పడింది. ఆ తరువాత చమురు శుద్ధి, నౌకాదళం, ఉక్కు. ఒక్కో పనితో ఒక్కో భాష వచ్చి చేరింది. రైల్వే క్వార్టర్లలో ఒరియా, నేవీ కాలనీల్లో మలయాళం, హిందీ, బెంగాలీ. రేస్ అన్న ప్రశ్న మన జనాభా లెక్కల్లో లేదు. మాతృభాష, మతం, పుట్టిన చోటు అడుగుతారు. 2027 లెక్కల్లో కులం కూడా అడగబోతున్నారు. కానీ ఉక్కు కర్మాగారం కోసం ఖాళీ అయిన అరవైకి పైగా పల్లెల వాళ్లు, నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం ఏళ్ల తరబడి తిరిగినవాళ్లు, ఏ గడిలో కనిపిస్తారు? వాళ్లు పుట్టిన చోటు కూడా విశాఖే, ఉన్న చోటు కూడా విశాఖే. పోయింది మాత్రం ఊరు.

ఫ్రిస్కోలో మా ఇల్లు కట్టకముందు ఆ నేల పత్తి పొలమట. అంతకు ముందు ఆ ఉత్తర టెక్సాస్ గడ్డి మైదానాలు కాడో, కొమాంచీ వంటి తెగల మనుషులు తిరిగిన నేల. ఆ ఊరికి వెళ్లిన ఎనిమిదేళ్లలో నేను ఒక్కసారి కూడా నగర సభకు వెళ్లలేదు. రోజూ నా వార్డు తుడిచే మెక్సికో ఆమెకు ఎంతమంది పిల్లలో మొన్నటిదాకా తెలియదు. మన గుడి, మన కిరాణా కొట్టు, మన పిల్లల మార్కులు చాలనుకున్నాను. రంగంలో మనవాళ్లకు కనీసం ఒక సాకు ఉండేది. మేస్త్రీ అప్పు తీర్చుకుని మూడు నాలుగేళ్లకు ఇంటికి పోదామనే వాళ్లు ఓడ ఎక్కారు. నేను అప్పు చేసి కొన్నది ముప్పై ఏళ్ల వాయిదాల ఇల్లు.

వచ్చేటప్పుడు అత్తయ్య నాకు ఒక మాట నేర్పింది. ఒంట్లో బాగుందా అని అడగడానికి బర్మాలో "నే కౌంలా" అంటారట. అరవై ఏళ్లుగా ఎవరితోనూ అనని మాట.

డ్యూటీలో చేరిన రెండో వారంలో ఒక ముసలాయన వచ్చాడు. బర్మా నుంచి శరణార్థిగా వచ్చి, కొన్నేళ్లుగా డాలస్ దగ్గర ఉంటున్నాడు. ఇంగ్లిషు రాదు. కాగితంలో ఆయన గడి 'ఆసియన్', నాది ఏదో అదే. మంచం పక్కన నిలబడి, ఎలా పలకాలో ఒకసారి మనసులో అనుకుని, "నే కౌంలా" అన్నాను.

ఆయన నా చెయ్యి పట్టుకుని గబగబా మాట్లాడడం మొదలుపెట్టాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయన ఆగేదాకా అలాగే నిలబడి విని, ఎడమ చేత్తో దుబాసీ నంబరు నొక్కాను.