చూసి కూడా చెప్పలేదేం?

నిన్న మా ఫోర్‌మన్ నన్ను గట్టిగా అన్నాడు, తప్పు చేసినందుకు కాదు, నోరు మూసుకుని ఉన్నందుకు. రాత్రి నుంచి బుర్రలో అదే తిరుగుతోంది.

మినెసోటాలో రైలు పట్టాల పని నాది. అక్టోబర్ వచ్చిందంటే పరుగే. నేల గడ్డకట్టేలోపు సర్ఫేసింగ్ అయిపోవాలి, అంటే టాంపర్ అనే మెషీన్ పట్టాల్ని లేపి స్లీపర్ల కింద కంకర కూరి లెవెల్ చేస్తుంది, వెనకాలే రెగ్యులేటర్ అనే ఇంకో మెషీన్ వచ్చి పక్కల కంకర సర్దుతుంది. కంకర గడ్డకట్టిందా, ఇక టాంపర్ పళ్ళు దిగవు. బురద పట్టిన చోట నీళ్ళు గడ్డకట్టి ట్రాక్ ఉబ్బితే, పట్టా కింద షిమ్ములు, అంటే ఎత్తు సరిచేసే పలచటి బిళ్ళలు, పెట్టుకుంటూ చలికాలమంతా నెట్టుకురావడమే. అందుకే అందరికీ తొందర.

నిన్న పొద్దున మెషీన్లు రాకముందు ఒక జాయింటు దగ్గర బోల్టులు బిగించడానికి ఇద్దరం వెళ్ళాం. నా చేతిలో రెంచ్, సీనియర్ ఆయన లుకౌట్, అంటే బండి వస్తోందేమో చూసి హెచ్చరించే మనిషి. పొగమంచు దట్టంగా ఉంది. ఇక్కడి రూల్ ప్రకారం బండి వచ్చే కనీసం 15 సెకన్ల ముందే మనం పక్కకి వచ్చేసి ఉండాలి. గంటకి 60 మైళ్ళ బండి అంటే సెకనుకి 88 అడుగులు, 15 సెకన్లకి 1,320 అడుగులు, అంటే పావు మైలు. ఆ మంచులో నాకు మూడో స్తంభమే కనపడట్లేదు. తెలుస్తూనే ఉంది, కానీ చెప్పలేదు, అంత సర్వీసున్న మనిషికి నేను చెప్పేదేంటి అనుకుని వంగి బోల్టు బిగిస్తూనే ఉన్నా, రెంచ్ ఐసులా ఉంది, చెవులు మాత్రం వెనక్కే ఉన్నాయి.

ఫోర్‌మన్ వచ్చి చూసి ఇద్దర్నీ పట్టాల మీంచి దింపేశాడు. "మంచు చూశావా?" అన్నాడు నాతో. చూశానన్నా. "మరి చెప్పలేదేం?" ఆయన సీనియర్ కదా అన్నా. దానికి మండింది ఆయనకి.

ఇక్కడ గుడ్ ఫెయిత్ ఛాలెంజ్ అని ఒకటుంది, 1997 నుంచీ ఉన్న రూల్. నిన్న చేరినవాడైనా సరే, ఇది సేఫ్ కాదు అని నిజంగా అనిపిస్తే పని ఆపి పక్కకి రావచ్చు, తేలేదాకా ఎవరూ బలవంతపెట్టకూడదు. ట్రైనింగ్‌లో విన్నా, సంతకం కూడా పెట్టా. కానీ పెద్దవాళ్ళ మాటకి అడ్డు చెప్పకూడదని పుట్టినప్పట్నుంచీ ఒంట్లో ఇంకిపోయింది ఒక సంతకంతో పోతుందా?

మా నాన్న ఇండియాలో రైల్వే గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. అక్కడ ప్రాణమంటే లెక్కలేదని ఎవరైనా అంటే మాత్రం నేనొప్పుకోను. ఎర్ర జెండాలుండేవి, విజిలుండేది, ఎండలో వానలో ఒకళ్ళ వీపు ఒకళ్ళు కాచుకునేవాళ్ళు. మేస్త్రీని ఎదురడగడం ఒక్కటే ఉండేది కాదు. అడగొచ్చని వాళ్ళకి ఎవరైనా చెప్పుంటే, నాన్న అడిగేవారనే నా నమ్మకం.

ఇవాళ పొద్దున బ్రీఫింగ్‌లో నోరు తెరిచా. వంపు దగ్గర చెట్లున్నాయి, లుకౌట్ ఇంకాస్త ముందుకి నిలబడితే బాగుంటుందన్నా. గొంతు వణికింది. సరేనని ఆయన్ని ముందుకి పంపించారు, థాంక్స్ కూడా చెప్పారు.

సాయంత్రం నాన్నకి ఫోన్ చేసి మొత్తం చెప్పా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆ పావు మైల్లో రెంచ్ తీసుకుని పక్కకి రావడానికి పట్టే టైం కూడా కలిపార్రా?" అన్నారు.

లేదు నాన్నా, అది వేరే కలుపుకోవాలి, ఐదు సెకన్లనుకుంటే ఇంకో 440 అడుగులు అన్నా.

"కలుపు మరి" అన్నారు.