అమ్మ పొదుగుపెట్టెకు బేసిక్ బోర్డు: నా అనుభవం

పోయిన వేసవిలో మా అమ్మ పెరట్లో పొదుగుకు కూర్చున్న పెట్టను ముంగిస పట్టుకుపోయింది. గంప కింద పదకొండు గుడ్లు చల్లబడిపోయి మిగిలాయి. తెనాలి దగ్గర పల్లెలో అమ్మ ఒక్కతే ఉంటుంది. డెబ్బై ఎనిమిదేళ్లు. ఆ నాటుకోళ్లే ఆమెకు కాలక్షేపం, చేతి ఖర్చులకు నాలుగు డబ్బులు కూడా. అందుకని ఆన్‌లైన్లో ఒక చిన్న ఇంక్యుబేటర్, అంటే గుడ్లను వేడితో పొదిగే పెట్టె, తెప్పించి ఇచ్చాను. థర్మకోల్ పెట్టె, రెండు బల్బులు, చిన్న ఫ్యాను, వేడిని చూసుకునే సర్క్యూట్. రెండో నెలలో, కరెంటు నాలుగుసార్లు పోయి వచ్చిన ఒక రాత్రి, ఆ సర్క్యూట్ కాలిపోయింది. అమ్మినవాళ్లు ఫోన్ ఎత్తలేదు. పెట్టె బాగుంది, బల్బులు బాగున్నాయి, ఫ్యాను తిరుగుతోంది. బల్బులు ఎప్పుడు వెలగాలో ఎప్పుడు ఆరాలో చెప్పే బుర్ర ఒక్కటే లేదు.

నేను బీకాం చదివి పాతికేళ్లుగా లెక్కలు రాసే ఉద్యోగం చేస్తున్నాను. ఎలక్ట్రానిక్స్ తెలియదు. మా అమ్మాయి ఇంజనీరింగ్ ప్రాజెక్టు కోసం కొన్న రాస్‌ప్‌బెర్రీ పై పికో బోర్డు, అంటే మనం ప్రోగ్రాము రాసి నడిపించుకునే చిన్న కంప్యూటర్ లాంటిది, ఒకటి వాడకుండా సొరుగులో ఉండిపోయింది. 21 మిల్లీమీటర్ల వెడల్పు, 51 మిల్లీమీటర్ల పొడవు, అంటే నా బొటనవేలంత. 2021 జనవరిలో నాలుగు డాలర్ల ధరతో వచ్చిన బోర్డు. తర్వాత నేను ఇంకొకటి కొన్నప్పుడు నాలుగు వందల రూపాయల లోపే పడింది.

"మైక్రోపైథాన్లో నేను రాసి పంపిస్తానమ్మా, నువ్వు ఎక్కించుకో చాలు" అంది మా అమ్మాయి బెంగళూరు నుంచి. నాకు అది నచ్చలేదు. పల్లెలో రాత్రి పదింటికి ఏదైనా ఆగిపోతే అక్కడికి వెళ్లాల్సింది నేను. నాకు అర్థం కానిది అమ్మ గుడ్ల మీద ఎలా పెట్టను? రెండు సాయంత్రాలు ఆ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో కుస్తీ పట్టాను. మంచి భాషే, కానీ లైను ముందు ఖాళీ ఒకటి ఎక్కువైనా ఒప్పుకోదు. నా పరిస్థితి చూసి మా అమ్మాయే వెతికి చెప్పింది: "అమ్మా, ఈ బోర్డులో బేసిక్ అనే భాష కూడా నడుస్తుందట. నువ్వు బళ్లో నేర్చుకున్నానని చెప్తుంటావే, అదే."

అవును, నేర్చుకున్నాను. 1984లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పథకం మొదలుపెట్టి, ఎంపిక చేసిన పాఠశాలలకు కంప్యూటర్లు ఇచ్చింది. బ్రిటన్‌లో ఎకార్న్ సంస్థ రూపొందించిన బీబీసీ మైక్రోలు అవి. మా బడికి రెండు వచ్చాయి. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లేవాళ్లం. ఒక్కో కీబోర్డు దగ్గర ముగ్గురం. అందులో వేగంగా టైపు చేసే అమ్మాయికే కీబోర్డు దక్కేది, మిగతా ఇద్దరం చూసేవాళ్లం. ఆ ఏడాది మొత్తం మీద నా వేళ్లు ఆ కీల మీద పడింది నాలుగుసార్లు. 10 ప్రింట్ అని నా పేరు, 20 గోటూ 10. తెర నిండా నా పేరు పరుగెత్తింది. తర్వాత టెన్త్ పరీక్షలు, ఇంటర్లో కామర్స్, పెళ్లి, ఉద్యోగం. ఆఫీసు కంప్యూటర్లో ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో అంకెలు నింపుతూ వచ్చాను గానీ, కంప్యూటర్‌కు నేను చెప్పి చేయించింది మాత్రం ఆ నాలుగుసార్లే.

పికోలో నడిచే ఈ బేసిక్ పేరు ఎమ్ఎమ్‌బేసిక్. ఆస్ట్రేలియాలో జెఫ్ గ్రాహమ్ అనే ఆయన 2011లో మాక్సిమైట్ అనే చిన్న కంప్యూటర్ కోసం దీన్ని రాశారు. తర్వాత పీటర్ మేథర్ దీన్ని పికోకు తెచ్చారు. ఇది ఎక్కించిన పికోనే పికోమైట్ అంటారు. డబ్బులేమీ కట్టక్కర్లేదు.

ఎక్కించడం చెప్పుకుంటే రెండు ముక్కలు. బోర్డు మీద బూట్‌సెల్ అని ఒక తెల్ల బటన్ ఉంటుంది. దాన్ని నొక్కి పట్టుకుని యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలిపితే, బోర్డు ఒక పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది. ఇంటర్నెట్ నుంచి దించుకున్న ఎమ్ఎమ్‌బేసిక్ ఫైలును (యూఎఫ్2 రకం) అందులో వేస్తే పని అయిపోయినట్టే. నాకు మాత్రం ఒక రోజంతా పట్టింది. ఎన్నిసార్లు కలిపినా డ్రైవ్ కనిపించలేదు. బోర్డు పోయిందేమో, నేనే పాడుచేశానేమో అని టెన్షన్. చివరికి తేలింది ఏమిటంటే, నేను వాడిన పాత ఫోన్ తీగ చార్జింగ్‌కే పనికొస్తుంది, అందులో డేటా వెళ్లే వైర్లే లేవు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే: ఫైళ్లు కాపీ చేయగలిగిన తీగ అని నిర్ధారించుకున్నాకే బోర్డును అనుమానించండి.

తీగ మార్చగానే డ్రైవ్ వచ్చింది. ఫైలు వేశాను. డ్రైవ్ మాయమై, బోర్డు మీది చిన్న దీపం మెల్లగా వెలిగి ఆరడం మొదలైంది. కంప్యూటర్ నుంచి బోర్డుతో టైపు చేసి మాట్లాడటానికి టెరా టర్మ్ అనే టర్మినల్ ప్రోగ్రాము తెరిచి ఎంటర్ నొక్కాను. నల్ల తెర మీద బాణం మొనలాంటి ఒక్క గుర్తు.

బీబీసీ మైక్రోలో కూడా సరిగ్గా అదే గుర్తు ఉండేది. నేను కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. పక్కన తోసుకునే ఇద్దరు లేరు, గంట కొట్టేవాళ్లు లేరు. ఏం టైపు చేయాలో తోచక, ముందురోజు కాగితం మీద వేసుకున్న లెక్కే అడిగాను: ప్రింట్ 37.5*9/5+32. వెంటనే 99.5 అంది. కోడిగుడ్లకు కావలసిన 37.5 సెల్సియస్ డిగ్రీల వేడి, జ్వరం చూసే థర్మామీటరు భాషలో, అంటే ఫారెన్‌హీట్‌లో.

బేసిక్‌లో నాకు నచ్చేది ఇదే. అడిగితే అప్పటికప్పుడు చెబుతుంది. ప్రోగ్రాము రాయకుండానే ఒక్కో ఆజ్ఞను విడిగా ఇచ్చి ఏమవుతుందో చూసుకోవచ్చు. 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో కెమెనీ, కర్ట్జ్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు, సైన్స్ చదవని విద్యార్థులు కూడా కంప్యూటర్ వాడగలగాలని ఈ భాషను తయారు చేశారు. బీకాం చదివిన నా కోసమే చేసినట్టు అనిపిస్తుంది. ఇంకొక సంగతి తెలిసి చాలా సంతోషపడ్డాను. మా బళ్లోని బీబీసీ బేసిక్‌ను రాసిన సోఫీ విల్సనే తర్వాత స్టీవ్ ఫర్బర్‌తో కలిసి ఎకార్న్‌లో ఆర్మ్ ప్రాసెసర్‌కు రూపకల్పన చేశారు. పికో చిప్పులో ఉన్న రెండు ప్రాసెసర్లు ఆ ఆర్మ్ వంశానివే. అప్పటి యంత్రంలో 32 కిలోబైట్ల మెమరీ ఉండేది, ఈ బొటనవేలంత దానిలో 264.

తర్వాత టంకం. బోర్డుకు పిన్నులు విడిగా వస్తాయి, ఇరవై చొప్పున రెండు వరసలు మనమే అతికించుకోవాలి. మా వీధి చివర టీవీలు బాగుచేసే తమ్ముడి దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. "సీసాన్ని సోల్డరింగ్ ఐరన్‌కు ఇవ్వకక్కా, పిన్నుకివ్వు. ముందు పిన్ను, దాని చుట్టూ ఉన్న రాగి రెండూ కాగాలి, అప్పుడు అదే లాక్కుంటుంది" అన్నాడు. మొదటి పది పిన్నులు గడ్డలు గడ్డలుగా వచ్చాయి, చివరి పది మెరిశాయి. ఒకచోట రెండు పిన్నులు కలిసిపోతే అతనే విడదీసిచ్చాడు.

వేడి చూడటానికి డీఎస్18బీ20 అనే సెన్సర్ తీసుకున్నాను. స్టీలు గొట్టంలో ఉండి మూడు వైర్లతో వచ్చే రకం. ఎరుపు 3.3 వోల్టులకు, నలుపు గ్రౌండుకు, పసుపు జీపీ15 అనే పిన్నుకు. ఎమ్ఎమ్‌బేసిక్‌లో దీనికి టెంపర్ అని ఒక ఫంక్షన్ ముందే ఉంది. ప్రింట్ టెంపర్(జీపీ15) అని కొట్టాను. 1000 అని వచ్చింది. మళ్లీ కొట్టాను, మళ్లీ 1000. మాన్యువల్ తీసి చదివితే, సెన్సర్ నుంచి జవాబు రాకపోతే ఇచ్చే అంకె అదేనని ఉంది. పసుపు వైరుకూ ఎరుపు వైరుకూ మధ్య 4.7 కిలో ఓముల రెసిస్టర్ పెట్టాలి, నేను పెట్టలేదు. అది పెట్టాక 31.25 అంది. సెన్సర్‌ను పిడికిట్లో పట్టుకుని ఎంటర్ నొక్కుతూ పోయాను. 32, 33.5, 34.25. నా చేతి వేడి అంకెలుగా తెర మీద పెరుగుతుంటే ఆ రోజు అన్నం వండటం ఆలస్యమైంది.

బల్బులను వెలిగించడానికి రిలే, అంటే బోర్డు ఇచ్చే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి విడదీసే స్విచ్చు, కావాలి. నేను కొన్న రిలే మాడ్యూల్ 5 వోల్టులది, పికో పిన్ను ఇచ్చేది 3.3. రిలే ఆన్ అయ్యేది గానీ సరిగ్గా ఆఫ్ అయ్యేది కాదు. ఇక్కడా టీవీ తమ్ముడే దారి చూపించాడు. మాడ్యూల్ పక్కన పెట్టి, ఒక విడి రిలే, దానికి అడ్డంగా ఒక డయోడ్, నడపడానికి బీసీ547 ట్రాన్సిస్టర్ వేసిచ్చాడు. పిన్ను ఒకటి అంటే బల్బు వెలుగుతుంది, సున్నా అంటే ఆరుతుంది. 230 వోల్టుల వైపు నేను చేయి పెట్టలేదు. ఆ వైర్లన్నీ ఎలక్ట్రీషియన్ చేత వేయించి డబ్బాలో మూయించాను. ఎవరికైనా అదే చెబుతాను.

ప్రోగ్రాము మొదట నాలుగు లైన్లే. అలవాటు కొద్దీ 10, 20, 30 అని నంబర్లు వేసి రాశాను. ఎమ్ఎమ్‌బేసిక్‌లో నంబర్లు అక్కర్లేదు, వేసినా కాదనదు. 37.5 కంటే తక్కువైతే వెలిగించు, లేకపోతే ఆర్పు. నడిపితే రిలే టకటకా కొట్టుకుంటూనే ఉంది, అంకె ఆ గీతకు అటూ ఇటూ ఊగుతోంది మరి. అప్పుడు రెండు గీతలు పెట్టాను. 37.3 కంటే దిగితే వెలిగించు, 37.7 దాటితే ఆర్పు, మధ్యలో ఉంటే ఉన్నది ఉన్నట్టు వదిలెయ్. రిలే నెమ్మదించింది. కానీ బల్బులు ఆరాక కూడా వేడి 38.5 దాకా పాకేది. సెన్సర్‌ను గుడ్ల ఎత్తులోకి, ఫ్యాను గాలి తగిలేచోటికి మార్చి, బల్బులను 25 వాట్లవి వేశాక దారికొచ్చింది. జ్వరం థర్మామీటరు పక్కన పెట్టి సరిచూసుకున్నాను.

చివరగా ఆప్షన్ ఆటోరన్ ఆన్ అని ఒక్క ఆజ్ఞ. ప్రోగ్రాము బోర్డులోని ఫ్లాష్ మెమరీలోనే ఉంటుంది కాబట్టి కరెంటు పోయి వచ్చినా మనం ముట్టుకోకుండా తనంతట తనే మొదలవుతుంది. ప్లగ్గు ముప్పై సార్లు పీకి పెట్టి చూశాను. ముప్పై సార్లూ లేచింది. పాత సర్క్యూట్ కాలిపోయిన చోట నాకు కావలసింది ఇదే. మూడు రోజులు గుడ్ల బదులు నీళ్ల గ్లాసులు పెట్టి నడిపాక పల్లెకు తీసుకెళ్లాను.

పన్నెండు గుడ్లు పెట్టింది అమ్మ. ఏడో రోజు రాత్రి చీకట్లో టార్చి మీద పెట్టి చూస్తే పదింటిలో ఎర్రటి నరాలు కనిపించాయి, రెండు వట్టివి. పదమూడో రోజు తెల్లవారి అమ్మ ఫోన్ చేసింది. "అమ్మాయ్, పెట్టె చల్లగా ఉందే" అంది. మొదటి బస్సుకు వెళ్లాను. సెన్సర్ వైరు ఒకటి ఊడింది. ఊడితే వచ్చేది 1000, నా ప్రోగ్రాము దాన్ని విపరీతమైన వేడి అనుకుని బల్బులు ఆర్పి కూర్చుంది. తప్పు పూర్తిగా నాది. ఆ 1000 సంగతి నాకు మొదటి రోజే తెలుసు, దాని గురించి ఒక్క లైను రాయలేదు. అక్కడే లాప్‌టాప్ కలిపి కంట్రోల్ సీ నొక్కి ఆపి, ఎడిట్‌లోకి వెళ్లి, 1000 వస్తే బజర్ మోగించమని రాశాను. వైరును టంకంతో అతికించాను. గుడ్లను చేతుల్లోకి తీసుకుంటే చల్లగా తగులుతుంటే ఏడుపొచ్చింది.

ఇరవై ఒకటో రోజు మొదటి గుడ్డు చిట్లింది. మర్నాటికి ఏడు పిల్లలు.

రెండో విడతకు అమ్మ ఒక కోరిక కోరింది. గుడ్లను రోజుకు మూడుసార్లు తిప్పాలి, తను మర్చిపోతోంది, ఎనిమిది గంటలకోసారి ఆ బజరే మోగితే బాగుంటుందని. నిమిషాలు లెక్కపెట్టే ఒక వేరియబుల్, అంటే ప్రోగ్రాము అంకెను గుర్తుపెట్టుకునే చోటు, పెట్టి రాసిచ్చాను. నాలుగు రోజుల తర్వాత "నీ బజర్ నిన్నంతా మోగలేదు" అంది. ఆలోచిస్తే తెలిసింది, ఆ రోజు కరెంటు ఐదుసార్లు పోయింది. పోయిన ప్రతిసారీ లెక్క సున్నా నుంచి మొదలైంది, ఎనిమిది గంటలు ఎప్పటికీ నిండలేదు. ఎమ్ఎమ్‌బేసిక్‌లో దానికీ ఒక ఆజ్ఞ ఉంది. వార్ సేవ్ అంటే వేరియబుల్‌ను ఫ్లాష్‌లో దాస్తుంది, వార్ రిస్టోర్ అంటే తిరిగి ఇస్తుంది. పది నిమిషాలకోసారి దాచుకోమని, మొదలైనప్పుడల్లా తిరిగి తెచ్చుకోమని రెండు లైన్లు చేర్చి, ఎఫ్2 నొక్కాను. అమ్మ పక్కనే పీట మీద కూర్చుని చూస్తోంది.

"అయిపోయిందా?" అంది.

"అయిపోయిందమ్మా."

"ఇంతేనా రాసేది?"

లాప్‌టాప్ ఆమె వైపు తిప్పి, ఒక్కో లైనూ తెలుగులో చదివి వినిపించాను. పదిహేడు లైన్లు.