ఫిట్స్ రావడం లేదని మాత్రలు ఆపేసే ముందు

"ఫిట్స్ వచ్చి చాలా కాలమైంది కదా, ఇంకా ఆ మాత్రలు ఎందుకురా?" అని మా తమ్ముణ్ణి అడగని బంధువు లేడు. అడిగేవాళ్లందరూ వాడి మేలు కోరేవాళ్లే కనుక, ఆ ప్రశ్నకు ఓపికగా జవాబు రాయాలనిపించింది. మూర్ఛ ఉన్నవారికి ఫిట్స్ రావడం లేదంటే చాలా సందర్భాల్లో జబ్బు పోయిందని కాదు, మందు తన పని తాను చేస్తోందని అర్థం.

మూర్ఛ మాత్రలు జబ్బును మూలం నుంచి తీసేయవు. మెదడులోని నాడీకణాలు ఒక్కసారిగా అదుపు తప్పి విద్యుత్ సంకేతాలను వెదజల్లకుండా పట్టి ఉంచుతాయి, అదీ రక్తంలో తగినంత మందు ఉన్నంతసేపే. మా తమ్ముడు వేసుకునే లెవెటిరాసెటామ్ ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల రక్తంలో 6 నుంచి 8 గంటల్లో సగానికి తగ్గిపోతుంది. అంటే ఉదయం 8 గంటలకు ఒక మాత్ర వేసుకుని రాత్రిది మానేస్తే, మర్నాడు ఉదయానికి ఆ మాత్ర తాలూకు మందులో మిగిలేది ఎనిమిదో వంతో, అంతకన్నా తక్కువో. మామూలు లెవెటిరాసెటామ్‌ను రోజుకు రెండుసార్లు రాసేది అందుకే. వాడు మాదాపూర్‌లో నైట్ షిఫ్టులు చేసే ఉద్యోగంలో ఉన్నాడు. షిఫ్టు మారిన వారం నిద్ర తగ్గుతుంది, దాంతోపాటు మాత్ర వేళ కూడా జరిగిపోతుంది. నిద్రలేమి తనంతట తానే ఫిట్స్‌ను రప్పించగలదు కాబట్టి ఆ వారంలో ఒక్క మాత్ర తప్పినా రెండు ప్రమాదాలు ఒకేచోట కలుస్తాయి.

ఉన్నట్టుండి పూర్తిగా మానేయడం మరీ ప్రమాదం. ఫినోబార్బిటోన్, క్లోబజామ్ వంటి మందులను హఠాత్తుగా ఆపితే, ఒక ఫిట్ ఆగకముందే మరొకటి మొదలై స్పృహ రాని స్థితి ఏర్పడవచ్చు. ఫిట్ 5 నిమిషాలు దాటినా ఆగకపోతే, మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా, వెంటనే 108కి ఫోన్ చేయాలి. చేతిలో తాళంచెవులు పెట్టడం వల్ల ఏ మేలూ లేదు, పైగా విలువైన సమయం పోతుంది. మూర్ఛ ఉన్న పెద్దవాళ్లలో ఏడాదికి సుమారు వెయ్యిమందికి ఒకరు ఈ జబ్బు కారణంగానే హఠాత్తుగా చనిపోతున్నారు. ఫిట్స్ అదుపులో లేనివారికే ఆ ముప్పు ఎక్కువ. ఇది రాయడానికి నాకు కష్టంగానే ఉంది, కానీ మాత్ర ఎందుకని అడిగేవారికి ఇది తెలియాలి.

మందులు మానడానికి మరుపొక్కటే కారణమని నేను అనుకోను. మన ఇళ్లలో అసలు కారణం దాపరికం. పెళ్లిచూపుల నాడు మాత్రల డబ్బా బీరువాలోకి వెళుతుంది. హాస్టల్లో రూమ్మేట్స్ చూస్తారని అమ్మాయి రాత్రి మాత్ర వాయిదా వేస్తుంది. కొత్త కోడలు అత్తవారింట్లో ఎవరికంటా పడకుండా మింగే వేళ కోసం చూస్తూ చూస్తూ ఆ పూటకు మానేస్తుంది. మూర్ఛ ఉన్నవారి పెళ్లికి హిందూ వివాహ చట్టంలో ఉన్న అడ్డంకిని పార్లమెంటు 1999లోనే సవరణతో తొలగించింది. చట్టం వదిలేసినా మనం వదలలేదు. పెళ్లికి ముందే చెప్పి చేసుకున్న సంబంధంలో మాత్ర అందరి ముందూ భోజనాల బల్ల మీదే ఉంటుంది, అందుకని ఏ పూటా తప్పిపోదు. గర్భం ధరించాలనుకునే స్త్రీలు ఆ సంగతి ముందుగానే డాక్టరుతో మాట్లాడాలి, ఎందుకంటే వాల్‌ప్రోయేట్ అనే మూర్ఛ మందు వల్ల కడుపులో బిడ్డకు హాని జరిగే అవకాశం ఉంది. అలాగని భయపడి సొంతంగా ఆపేస్తే తల్లీబిడ్డలిద్దరికీ ముప్పే.

దుష్ఫలితాలకు భయపడి ఆపేవారూ ఉన్నారు. లెవెటిరాసెటామ్‌తో చిరాకు, ఫినిటోయిన్‌తో చిగుళ్ల వాపు, వాల్‌ప్రోయేట్‌తో బరువు పెరగడం నిజమే. అవి డాక్టరుకు చెప్పవలసిన విషయాలు, మోతాదో మందో మార్చడానికి వీలుంటుంది.

హైదరాబాద్‌లో ఉపవాసాల మాట కూడా చెప్పాలి. రంజాన్ రోజుల్లో సహర్, ఇఫ్తార్ వేళలకు మందులను సర్దవచ్చో లేదో నెల మొదలుకాకముందే డాక్టరును అడగాలి. జబ్బుపడినవారికి ఉపవాసం నుంచి మినహాయింపు ఇస్లాంలోనే ఉంది. శివరాత్రికి జాగారం చేసే మా ఇంట్లో తమ్ముడు మాత్రం వేళకు మాత్ర వేసుకుని పడుకుంటాడు, అమ్మే దగ్గరుండి పంపిస్తుంది. సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు మాత్రలు బస్సు డిక్కీలో పెట్టే బ్యాగులో కాకుండా భుజాన వేసుకునే సంచిలోనే, నాలుగు రోజులకు సరిపడా అదనంగా ఉంటాయి. ఒక మాత్ర మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి, తరువాతి వేళ దగ్గరపడితే మాత్రం రెండూ కలిపి మింగకూడదు. ఎవరి మందుకు ఎంత గడువో వారి డాక్టరునే ముందుగా అడిగి రాసిపెట్టుకోవడం మంచిది. మెడికల్ షాపులో వేరే కంపెనీ మాత్ర ఇస్తే, ముఖ్యంగా ఫినిటోయిన్ వంటి మందు విషయంలో, డాక్టరుకు తెలియకుండా మార్చకూడదు.

ఇక జీవితాంతం వేసుకోవాలా అన్న ప్రశ్న. అందరికీ అక్కర్లేదు. కనీసం రెండేళ్లు ఫిట్స్ లేకుండా గడిచాక, కారణాన్నీ పరీక్షలనూ చూసి, డాక్టర్లు కొందరికి మోతాదును నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తారు. మా తమ్ముడి ఎమ్మారైలో పాత మచ్చ ఉంది కాబట్టి ఇప్పుడే తగ్గించవద్దని వాడి న్యూరాలజిస్టు చెప్పారు. మా బంధువులకు నా జవాబు ఇదే.