పార్క్ సర్కస్ మైదానంలో

సికింద్రాబాద్‌లో ఎక్కిన ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ మర్నాడు సాయంత్రం హౌరాలో దించింది. ఆదివారం కోల్‌కతా ప్రైడ్ నడక, అంటే మాలాంటి స్వలింగ ప్రేమికులు, హిజ్రాలు తలెత్తుకుని వీధిలో నడిచే రోజు. కానీ శనివారం పొద్దున్నే నేను పార్క్ సర్కస్ మైదానం వెతుక్కుంటూ వెళ్ళాను.

1999 జూలై 2న మన దేశంలో మొదటి ప్రైడ్ నడక ఇక్కడే మొదలైంది. ‘ఫ్రెండ్‌షిప్ వాక్’ అని పేరు పెట్టుకుని, పసుపు టీషర్టులు వేసుకుని పదిహేను మంది నడిచారు. బొంబాయి, బెంగళూరుల నుంచే కాదు, కుర్సియాంగ్, బొన్‌గావ్ లాంటి చిన్న ఊళ్ళ నుంచి కూడా వచ్చారు. అప్పటికి స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసే సెక్షన్ 377 కింద యావజ్జీవ శిక్ష దాకా వేయొచ్చు. ఆ పదిహేను మందిలో స్త్రీ ఒక్కరూ లేరు. లెస్బియన్ల కోసం ‘సాఫో’ అనే బృందం అదే ఊళ్ళో, ఆ ఏడాది జూన్‌లోనే పుట్టింది. ఆడపిల్లకి ఇల్లు దాటి వీధిలోకి రావడం ఇంకెంత కష్టమో!

మైదానంలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. పదిహేను మందంటే రెండు జట్లకి కూడా చాలరు. ఆ ఏడాది నేను ఇంటర్ రెండో సంవత్సరం. నాలాంటివాడు ఈ భూమ్మీద ఇంకొకడు ఉన్నాడని తెలియదు నాకు.

సరిగ్గా పదేళ్ళకి, 2009 జూలై 2నే, ఢిల్లీ హైకోర్టు మా ప్రేమ నేరం కాదంది. ఆ తేదీ తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. 2013లో హైదరాబాద్‌లో మొదటిసారి ప్రైడ్ జరిగినప్పుడు, రోడ్డుకి అవతల బండి ఆపి, హెల్మెట్ తీయకుండా కాసేపు చూసి వెళ్ళిపోయాను. ఆ డిసెంబరులోనే సుప్రీంకోర్టు 377ని మళ్ళీ నిలబెట్టింది. మా ప్రేమ నేరం కాదని అదే కోర్టు చెప్పడానికి 2018 సెప్టెంబరు 6 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆదివారం జనాన్ని చూసి కాళ్ళు వణికాయి. డప్పులు, రంగుల గొడుగులు, చీరల్లో హిజ్రాలు, కొడుకు చెయ్యి పట్టుకుని ఒక అమ్మ. ముందుకి వెళ్ళలేక పేవ్‌మెంట్ మీదే ఉండిపోయాను. తల నెరిసిన ఒక పెద్దాయన దగ్గరికొచ్చి, ‘‘మీ ఊళ్ళో నడవలేదా?’’ అని హిందీలో అడిగారు.

‘‘అవతలి పక్క నిలబడి చూశాను, దాదా.’’

ఆయన ఇంకేమీ అడగలేదు. పొడవాటి ఇంద్రధనుస్సు జెండా అంచు తెచ్చి నా చేతిలో పెట్టారు.