జొన్నవాడ పోతే నిద్ర చేసి రండి

శుక్రవారం రాత్రి నెల్లూరు దగ్గర జొన్నవాడ కామాక్షితాయి గుడిలో నిద్ర చేసి, శనివారం సాయంత్రానికి మా సింగరాయకొండ చేరాం. ఇవాళ మంగళవారం. మోకాళ్ల నొప్పులు ఇంకా తగ్గలేదు. మనసు మాత్రం ఆ మండపంలోనే ఉండిపోయింది. తర్వాత రాద్దాంలే అనుకుంటే సగం మర్చిపోతానని ఇప్పుడే కూర్చున్నాను.

మొక్కు నాది. మా అమ్మాయికి పెళ్లయి ఎనిమిదేళ్లయినా కడుపు పండలేదు. హైదరాబాద్‌లో తిరగని ఆస్పత్రి లేదు. రెండుసార్లు ఐవీఎఫ్ చేయించుకున్నారు, రెండుసార్లూ నిలవలేదు. రెండోసారి తర్వాత అది నాతో ఫోన్లో మాట్లాడటం కూడా తగ్గించేసింది. "తిన్నావామ్మా" అంటే "ఆఁ" అనేది, అంతే. ఆ "ఆఁ" విని నేను ఎన్ని రాత్రులు నిద్రపోలేదో ఆ తల్లికే తెలుసు.

వైశాఖంలో కామాక్షితాయి బ్రహ్మోత్సవాలకు దాన్ని బతిమాలి తీసుకొచ్చాను. ధ్వజారోహణం రోజు కొడిముద్ద కోసం, అంటే పిల్లలు లేనివాళ్లకు ఇచ్చే ప్రసాదం ముద్ద కోసం, వచ్చే జనాన్ని చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పెన్నలో మునిగి, తడిచీరతో కొంగు చాపి, ఆ తోపులాటలో నిలబడింది. ముద్ద కొంగులో పడగానే అక్కడే కూలబడి ఏడ్చింది. నేను గాలిగోపురం వైపు చూసి అనుకున్నాను: బిడ్డ పుడితే ఎత్తుకొచ్చి నీ దగ్గర ఒక రాత్రి నిద్ర చేయిస్తాను తల్లీ, నేను యాభై నాలుగు ప్రదక్షిణలు చేస్తాను అని. చైత్రంలో మనవడు పుట్టాడు. మందులు మానమని నేనెవరికీ చెప్పను, మా అమ్మాయి కూడా మానలేదు. కానీ ఎవరు ఇచ్చారు అని అడిగితే మాత్రం నా నోట కామాక్షమ్మ పేరే వస్తుంది.

వాడికి ఇప్పుడు పది నెలలు. అల్లుడికి సెలవు దొరకలేదు. నేను, అమ్మాయి, బుడ్డోడు, ముగ్గురమే బయల్దేరాం. రైల్లో నెల్లూరు దిగి, మా ఆడపడుచు ఇంట్లో భోంచేసి, ఆత్మకూరు బస్టాండు దగ్గరికి వెళ్లాం. జొన్నవాడ బస్సులు అక్కడి నుంచే. చంటిబిడ్డతో నిలబడలేక ఆటో మాట్లాడుకున్నాం. ఎక్కేటప్పుడు ఒక మాట, దిగేటప్పుడు ఒక మాట అన్నాడు ఆ అబ్బాయి. పోను మాత్రమేనా, రానూ పోనూ కలిపా అన్నది ముందే తేల్చుకోండి. ఇంకో మాట. మాలాగా ఒంగోలు వైపు వాళ్లే అయినా, కారులో వచ్చేవాళ్లు నెల్లూరు ఊళ్లోకి పోవాల్సిన పని లేదు. కోవూరు పెన్నకు ఇవతలే ఉంది, జొన్నవాడా ఇవతలి గట్టే. కోవూరు దగ్గరే తిరిగిపోవచ్చు. మేం ఆడపడుచు కోసం ఏరు దాటి, మళ్లీ అదే వంతెన మీద వెనక్కి వచ్చాం.

నెల్లూరులో ఎవర్ని అడిగినా "జొన్నవాడా? పన్నెండు కిలోమీటర్లు, అరగంట, పోయి దండం పెట్టుకుని వచ్చేయండి" అంటారు. నిజమే, దగ్గరే. సాయంత్రం స్కూటర్ మీద వచ్చి, కొబ్బరికాయ కొట్టి, రాత్రి అన్నానికి ఇంటికి పోయేవాళ్లే ఎక్కువ. ఆ దర్శనాన్ని నేను తక్కువ చేయను. కానీ జొన్నవాడ నిద్ర చేసే క్షేత్రం. రాత్రి ఉండి చూస్తేనే ఆ గుడి ఏమిటో తెలుస్తుంది.

మా సాయంత్రం దర్శనం సంగతి వింటే మీకే అర్థమవుతుంది. శుక్రవారం కదా, క్యూ కదలదు. బిడ్డ ఏడుపు. వెనకాల ఒకావిడ పూలబుట్ట నా వీపులో గుచ్చుకుంటోంది. ఎవరో సిఫార్సు చేయించుకుని పక్కదారిలో పది మందిని వెంటేసుకుని ముందుకు పోయారు. తీరా అమ్మవారి ఎదుటికి వచ్చేసరికి ముందున్న ఆయన రెండు చేతులూ పైకెత్తి దండం పెట్టాడు. ఆ చేతుల సందులోంచి నాకు కనిపించింది దీపం వెలుగు ఒక్కటే. "పదండమ్మా, పదండి" అంటూ వెనకనుంచి నెట్టారు. బయటపడ్డాక చూస్తే బుడ్డోడి కాలికున్న వెండి కడియం ఒకటి లేదు. ఎక్కడ జారిందో తెలియదు. బంగారం, వెండి ఇంట్లో పెట్టి రండి, పిల్లలకైతే మరీను. మా అమ్మాయి ముఖం మాడ్చుకుని "ఇంక పోదాం అమ్మా, మొక్కు తీరిపోయిందిగా" అంది. తీరలేదు అన్నాను.

చీకటి పడేసరికి నెల్లూరు జనం తగ్గారు. నిద్రకు వచ్చినవాళ్లు మండపాల్లో దుప్పట్లు పరుచుకోవడం మొదలుపెట్టారు. పిల్లల కోసం వచ్చిన జంటలు, జబ్బు మనుషులను తీసుకొచ్చినవాళ్లు, గాలి సోకిందని వచ్చినవాళ్లు. కొందరు తడిబట్టలతో పొర్లుదండాలు పెడుతున్నారు. మేము తెచ్చుకున్నవి ఒక పలచటి దుప్పటి, రెండు శాలువలు. మాఘమాసం రాత్రి ఆ బండలు ఎంత చల్లగా ఉంటాయో నేను లెక్క వేసుకోలేదు. ఏటి పక్కన దోమలు వేరే. మీరు వెళ్తే మందపాటి బొంతో, చాపో తప్పకుండా పెట్టుకోండి. పిల్లలుంటే గొడుగులా విప్పే దోమతెర, ఫ్లాస్కులో వేడినీళ్లు.

వాడు ఎంతకీ పడుకోవడం లేదు. మా అమ్మాయి ఎత్తుకుని అటూ ఇటూ తిరుగుతోంది. అప్పుడు గోడవారన ఉన్న ఒక పెద్దావిడ పిలిచింది. "ఏమ్మా, ఆడ గాలి కొడతాండాది. బిడ్డను ఇట్టా తీసుకురా. ఈడ పడుకోబెట్టు." తను పడుకున్న బొంత మీంచి లేచి, దాన్ని మడత విప్పి, దులిపి, మళ్లీ పరిచింది. ఉత్త బండ మీద తను కూర్చుంది. నేను వద్దని ఎంత చెప్పినా వినలేదు. "బిడ్డ పడుకుంటే నాకు పుణ్యమేలే" అంది.

వాళ్లది ఉదయగిరి వైపు పల్లెటూరు. పక్కన పాతికేళ్ల కొడుకు. మతి స్థిమితం లేదు. ఆరేళ్ల క్రితం దాకా బాగున్నాడట, డిగ్రీ కూడా చదివాడట. ఇప్పుడు మాటల్లేవు. ధ్వజస్తంభం వైపు చూస్తూ కూర్చుంటాడు. నెల్లూరులో డాక్టరు రాసిన మాత్రలు కొంగున కట్టుకుని వేళకు వేస్తోంది, మండలం రోజులు అమ్మవారి దగ్గర నిద్ర చేయిస్తోంది. ఆమె దగ్గర ఒక చిన్న రేకు డబ్బా ఉంది, పైన రంగు ఊడిపోయి. తెల్లారి లేవగానే అందులో ఒక చింతగింజ వేస్తుంది. రాత్రికొక గింజ. మూత తీసి నాకు చూపించింది. ఇరవై అయిదు ఉన్నాయి.

బుడ్డోడు నిద్రపోయాక నేను ప్రదక్షిణలకు లేచాను. రాత్రి తొమ్మిదిన్నర దాటింది. పగలైతే ఆ జనంలో పది కూడా చేయలేను. ఇప్పుడు గుడి చుట్టూ నలుగురైదుగురం తప్ప ఎవరూ లేరు. మొదటి ఇరవై తేలిగ్గా అయ్యాయి. ముప్పై దాటాక మోకాళ్లు పట్టేశాయి. నామం చెప్పుకుంటూ వేళ్ల మీద లెక్క పెట్టుకుంటున్నాను. ఎక్కడో తప్పింది. నలభై ఒకటా, నలభై మూడా? మళ్లీ మొదటినుంచి చేసే ఓపిక లేదు, తక్కువ చేస్తే మొక్కు మిగిలిపోతుందని భయం. ఎక్కువైతే నష్టం లేదని నడుస్తూనే ఉన్నాను. అర్ధరాత్రి అయిందేమో, ఇక అయిపోయాయి అనిపించి ధ్వజస్తంభం దగ్గర ఆగి, పట్టుకుని నిలబడ్డాను.

"ఇంకా రెండుండాయి."

వెనక్కి తిరిగి చూశాను. ఆ అబ్బాయి. నా వైపు చూడటం లేదు, ధ్వజస్తంభం వైపే చూస్తున్నాడు. నేను యాభై నాలుగు అని వాళ్లమ్మతో చెప్పుకున్న మాట విన్నాడన్నమాట. ఆ రెండున్నర గంటలూ నా ఒక్కో చుట్టూ లెక్కపెడుతూ కూర్చున్నాడు. నాకు ఒళ్లు జలదరించింది. రెండూ చేశాను. రెండోది చేసి వచ్చేసరికి ఆయమ్మ లేచి కూర్చుని ఉంది. "మాట్లాడినాడా? ఏమన్నాడు? ఏమన్నాడమ్మా?" అని నా చేతులు పట్టుకుంది. చెప్పాను. అదే మాట మళ్లీ చెప్పించుకుంది. మూడోసారి కూడా చెప్పాను.

తెల్లవారుజామున పెన్నకు వెళ్లాం. స్నానానికి దిగేవాళ్లు ఒడ్డు దగ్గరే మునగండి. ఎగువన సోమశిల డ్యామ్ నుంచి నీళ్లు వదిలినప్పుడు ఏరు ఒకలాగా ఉంటుంది, లేనప్పుడు ఒకలాగా. పైకి పాయ సన్నగా కనిపించినా ఇసుకలో గుంటలుంటాయి. స్థానికులను అడగకుండా లోపలికి పోవద్దు. మునిగి, కట్టిన పాతబట్టలను ఏట్లోనే వదిలేసేవాళ్లను చూస్తే నాకు కడుపు మండిపోయింది. అడుగు వేస్తే కాలికి ఎవరిదో చీర చుట్టుకుంది. ఆ తల్లి ఏరు అది, చెత్తకుండీ కాదు. మంచు విడిపోతుంటే అవతలి ఒడ్డున నరసింహకొండ మెల్లగా తేలింది. కశ్యప మహర్షి యజ్ఞం కథ ఆ కొండకూ ఈ గుడికీ ఒకటే కదా, అక్కడి నుంచే కొండ మీది వేదగిరి నరసింహస్వామికి దండం పెట్టుకున్నాం. టైమున్నవాళ్లు ఆ కొండ, నెల్లూరులో రంగనాయకస్వామి గుడి, మూడూ కలిపి చూసుకోవచ్చు. మేము పిల్లాడితో కొండ పెట్టుకోలేదు.

తడిబట్టలతోనే గుడికి వచ్చాం. క్యూలో ముప్పై మంది ఉన్నారేమో. ఎవరూ తోయలేదు. కర్పూర హారతి పైకి లేచినప్పుడు అమ్మవారి ముక్కుపుడక ఒక్కసారి మెరిసింది. పసుపు రాసిన ముఖం, ఎర్రచీర, మెడలో నిమ్మకాయల దండ. అడగాలనుకున్నవి చాలా ఉన్నాయి. అల్లుడి ఉద్యోగం, మా ఆయన షుగరు, కడియం దొరకాలని కూడా. ఒక్కటీ నోట్లోకి రాలేదు. బిడ్డను ముందుకు చాపి "తెచ్చాను తల్లీ" అన్నాను. అంతే. పూజారి వాడి నుదుట కుంకుమ పెట్టారు. గట్టిగా పది సెకన్లు ఉంటుంది. సాయంత్రం గంటన్నర నిలబడి చూడలేనిది ఆ పది సెకన్లలో చూశాను. మా అమ్మాయి వైపు తిరిగితే దాని కళ్లు వాచిపోయి ఉన్నాయి, ముఖం మాత్రం పెళ్లినాటిలాగా ఉంది.

బయల్దేరే ముందు ఆ పెద్దావిడకు మా శాలువ రెండూ ఇచ్చేశాను. డబ్బులిస్తే తీసుకోలేదు. ఆడపడుచు కట్టిచ్చిన మలై కాజాల పొట్లం ఇస్తే కొడుకు చేతిలో పెట్టింది. వాడు ఒకటి తీసి మా బుడ్డోడి చేతిలో పెట్టాడు. వాడికి ఇంకా తినే వయసు రాలేదు, గట్టిగా పట్టుకుని నెల్లూరు దాకా వదల్లేదు, ఆటో సీటంతా పాకం చేశాడు.

మేము లేచే వేళకు ఆమె డబ్బాలో ఇరవై ఆరో గింజ వేసింది. ఇంటికి వచ్చిన మర్నాటి నుంచి నేనూ వంటింటి గూట్లో ఒక గిన్నె పెట్టి వేస్తున్నాను, ఇరవై ఏడు నుంచి మొదలుపెట్టి. ఇవాళ పొద్దున ఇరవై తొమ్మిది. రేపు తెల్లారితే ముప్పై.